నేల లేని ఇంటి గడపమ్మ

ఈ గడప వెనుక ఉండవలసిన ఇల్లు గృహప్రవేశం నాడే భూమిలోకి దిగిపోయింది. మిగిలింది వాకిలి ఒక్కటే. నాపరాళ్లపేట శివార్లలో బస్సు దిగిన భక్తులకు ఖాళీ స్థలంలో నిలబడి ఉన్న టేకు ద్వారబంధం కనిపిస్తుంది. దానికి తలుపులు లేవు, వెనుక గోడలు లేవు. అమ్మవారికి వేరే విగ్రహమూ లేదు. పసుపు రాసిన ఈ గడప ముందు నిలిచి మొక్కాలి, దాటకూడదు. అవతల మీ పాదం కింద ఏముంటుందో దేవస్థానం హామీ ఇవ్వదు.

పూర్వం ఇక్కడ నాపరాయి క్వారీ ఉండేది. రాయి అయిపోయాక ఆ గుంతను కూల్చిన ఇళ్ల మట్టితో పూడ్చి వదిలేశారు. ఇళ్లు కట్టి అమ్మే అరవపల్లి సుభాషిణి ఆ స్థలం కొని వరుసగా ఇళ్లు లేపింది. పూడ్చిన మట్టి కుదురుకోవాలని ఆమెకు తెలుసు. అయినా ఆగలేదు.

మొదటి ఇల్లు పోస్టుమాన్ ఈరన్న, అతని భార్య నాగరత్నం కొన్నారు. గృహప్రవేశానికి ముందురోజు సుభాషిణికి కల వచ్చింది. ఆ ఇంటి వాకిట్లో ఒక స్త్రీ ద్వారబంధానికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడింది. ముఖం కనిపించలేదు. “లోపల నేల లేదు,” అని మాత్రం అంది. సుభాషిణి లేచి నీళ్లు తాగింది. ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారేసరికి వాన పట్టుకుంది. ముందుగా ఇంట్లోకి నడిపించడానికి తెచ్చిన ఆవు గడప దగ్గర ఆగిపోయింది. అరటిపండు చూపించారు, వెనుక నుంచి నెట్టారు. అది కదలలేదు.

“ముహూర్తం దాటిపోతోంది తల్లీ,” అన్నారు పురోహితులు.

“అక్కా, నాకు భయంగా ఉంది. ఇంకో రోజు పెట్టుకుందాం,” అంది నాగరత్నం.

“ఆవునడిగి కట్టానా ఈ ఇల్లు? పక్కకు జరుగు,” అంది సుభాషిణి.

“మొండిది మా ఇంట్లో ఒక్కతే ఉందనుకున్నాను,” అన్నాడు ఈరన్న. ఖాళీ ఇంట్లోంచి, నేల కింద ఎవరో బరువైన బస్తా ఈడుస్తున్నట్లు చప్పుడు వచ్చింది.

సుభాషిణికి కల గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చినందుకే కోపమూ వచ్చింది. ఆవు పలుపు మణికట్టుకు చుట్టుకుని, గడప దాటి, దాన్ని లోపలికి లాగబోయింది. కాలి కింద గచ్చు మెత్తబడింది. మరుక్షణం అది లేదు. గోడలు ఒకదాని వెంట ఒకటి జారిపోతుంటే ఆమె పలుపు పట్టుకుని చీకట్లో వేలాడింది. కింద రాళ్లు పడుతూనే ఉన్నాయి, అవి అడుగుకు తగిలిన శబ్దం మాత్రం రాలేదు. పైన ఆవు బెదిరి వెనక్కి తగ్గింది. అది తగ్గిన కొద్దీ ఆమె పైకి వచ్చింది.

గడప మీద బోర్లా పడి తలెత్తేసరికి ద్వారబంధానికి రెండు వైపులా పసుపు చేతిముద్రలు కనిపించాయి. అవి లోపలి వైపు నిలబడి పట్టుకున్నవారి చేతులు.

ఆ సాయంత్రమే సుభాషిణి మిగతా ఇళ్లను కూల్చివేయడానికి మనుషులను పెట్టింది. ఈరన్న దంపతులకు గట్టి నేల మీద వేరే ఇల్లు కట్టించింది. తరువాత వర్తక సంఘానికి అధ్యక్షురాలైంది, ఆపైన మున్సిపల్ చైర్‌పర్సన్ అయింది. ఇక్కడ దుకాణ సముదాయం కడదామని కౌన్సిలర్లు పట్టుబట్టినప్పుడు, “ముందు మీరు గడప దాటి చూపించండి,” అంది. వారు వచ్చారు, చూశారు, వెళ్లిపోయారు.

నేటికీ ఇళ్లు కట్టేవారు కొత్త ఇంటి తాళంచెవి ఈ గడప మీద పెట్టి, తీసుకుని వెళతారు. అమ్మ దయ ఉన్న ఇంట్లో గచ్చు పగలదని, పసిబిడ్డలు ఉలిక్కిపడి లేవరని నమ్మకం. అయితే తాళంచెవి పెట్టినంత మాత్రాన మొక్కు తీరదు. ఇల్లు కట్టినవారు ఒక వానాకాలం తామే అందులో పడుకోవాలి. ఈ ఆచారం సుభాషిణితో మొదలైంది. సొంత వ్యాపారంలోనూ, పురపాలక సంఘం పేదలకు కట్టించిన కాలనీలలోనూ, ఆమె ముందుగా చాప పరచుకుని ఆ వానలు గడపకుండా ఏ ఇంటి తాళంచెవీ ఇంకొకరి చేతిలో పెట్టలేదు.