తోడు ఎవరింటిది

"ఎవరో రాసింది చెడిపోతే ఆ తప్పు నాదెలా అవుతుంది మాస్టారూ?" అని విశాల అడిగింది. అడగడం అడిగినట్టే ఉంది గాని, ఆ గొంతులో సందేహం పాలు తక్కువ, కోపం పాలు ఎక్కువ.

గవరయ్య మాస్టారికి ఒక అలవాటుంది. ప్రశ్న సూటిగా వస్తే జవాబూ సూటిగానే చెబుతారు. ప్రశ్న చాటున ఇంకో ప్రశ్న నక్కి ఉందనిపిస్తే మాత్రం జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాక, వీధి వసారాలో నాలుగు పాత కంప్యూటర్లు పెట్టుకుని, డిగ్రీ అయి ఊళ్ళోనే ఉండిపోయిన పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పుతున్నారు. ఆ పిల్లల్లో విశాల చురుకైనది. చురుకైనవాళ్ళకు ఉండే ఇబ్బందే ఆమెకూ ఉంది. నాలుక కాస్త ముందు నడుస్తుంది.

సంగతేమిటంటే, పక్క మండలంలో చూపులేని పిల్లల బడి ఒకటుంది. వాళ్ళ తెలుగు వాచకాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాము ఒకటి విశాల రాసిపెట్టింది. మొత్తం తానే రాయలేదు. ఈ పనిలో ఎవరూ అన్నీ తామే రాయరు. అక్షరాలను విడదీసేది ఒకరిది, మాటకు గొంతు ఇచ్చేది ఇంకొకరిది. అలా ఎవరో రాసి, పదిమందినీ వాడుకోమని వదిలిపెట్టినవాటిని లైబ్రరీలంటారు. పేరు పెట్టి పిలిస్తే చాలు, వచ్చి కంప్యూటరులో కూర్చుంటాయి. వస్తూ వస్తూ తమకు కావలసినవాళ్ళను కూడా వెంటబెట్టుకొస్తాయి, మగపెళ్ళివారిలాగ.

ఆ బడిలో పాత కంప్యూటరు మూలపడితే ఎవరో దాత కొత్తది ఇచ్చారు. దానిలో అన్నీ మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. ఆ లైబ్రరీలను పేర్లు పెట్టి పిలిచే వరుస ఒకటి విశాల ఫోనులో చెప్పింది, అక్కడి ఆయా బంగారమ్మ విని టైపు చేసింది. బంగారమ్మ ఐదో తరగతి దాటని మనిషి. అయినా రోజూ పొద్దున్నే కంప్యూటరు పెట్టి, పిల్లల్ని చెయ్యి పట్టుకుని తెచ్చి దాని ముందు కూర్చోబెట్టేది ఆమే. ఆ వరుస టైపు చేసిన మర్నాటి నుంచి ప్రోగ్రాము వత్తులు మింగడం మొదలుపెట్టింది. 'అమ్మ'ను 'అమ' అంది. 'పువ్వు'ను 'పువు' అంది. పిల్లలు మొదట పడిపడి నవ్వారు. చెవితో పాఠం పట్టుకునే పిల్లలు కదా, మూడోనాటికి వాళ్ళూ అలాగే పలకసాగారు. హెడ్మాస్టరు కంగారుపడి ఏమైందని ఫోను చేస్తే, విశాల చూడకుండా, ఆలోచించకుండా, టైపు చేసేటప్పుడు బంగారమ్మ ఏదో తప్పు నొక్కి ఉంటుందని చెప్పేసింది. ఆయన అప్పటికప్పుడు బంగారమ్మను ఆ గది గడప తొక్కవద్దన్నారు. ఒకటో తారీఖు నుంచి అసలు పనిలోకే రానక్కర్లేదన్నారు.

తరవాత తీరిగ్గా చూస్తే, అక్షరాలు విడదీసే లైబ్రరీయే మారిపోయి ఉందని విశాలకు తెలిసింది. తెలిసినప్పుడు గుండెలో ఒక ముల్లు గుచ్చుకుంది గాని, దాని మీదికి కోపం లాగి కప్పుకుంది. మాస్టారి దగ్గరికి వచ్చి ఆ లైబ్రరీ రాసిన పెద్దమనిషిని నాలుగు మాటలు అని, చివర ఈ ప్రశ్న వేసింది. బంగారమ్మ ఊసు మాత్రం ఎత్తలేదు.

మాస్టారు భోజనాల వేళయిందని లోపలికి పిలిచారు. వాళ్ళావిడ సూరీడమ్మగారు చివర్న పెరుగు వడ్డించబోతే గరిటెకు తీగ సాగింది. జిగురు జిగురుగా, ముక్కిపోయిన వాసనతో ఉంది. ఆవిడ నొచ్చుకుంటూ, పాలు మంచివేనని, గిన్నె తన చేత్తో తోమిందేనని, తేడా అంతా తోడులోనే ఉందని చెప్పుకొచ్చారు. తోడు ఎవరింటిదని మాస్టారు అడిగితే టైలరు వాళ్ళింటిదన్నారు. వాళ్ళకెక్కడిదో ఆవిడకు తెలియదు. తోడు అడిగి తెచ్చుకోవడమే గాని, దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరడుగుతారు?

మాస్టారు విశాల వైపు తిరిగారు. "అన్నం తిన్నాక ఈ వీధంట వెళ్ళి, ఈ తోడు ఎవరింట పుట్టిందో కనుక్కుని రా అమ్మాయ్" అన్నారు.

టైలరు భార్య గుండీలు కుడుతోంది. పెరుగు మాట ఎత్తగానే మా గిన్నెలో ఏ దోషమూ లేదంది. పోస్టుమాన్ వాళ్ళింటి నుంచి తెచ్చుకున్నాం, కలిపాం, అడిగితే మీకూ ఇంత పెట్టాం, వాళ్ళు ఇచ్చింది పాడైతే మా తప్పేముందమ్మా అని ఎదురు ప్రశ్న వేసింది. ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది విశాలకు. ఎక్కడ విన్నదో గుర్తుకొచ్చి చెవులు వేడెక్కాయి. పోస్టుమాన్ వాళ్ళింట్లో ఆయన అత్తగారు ఇంకో ఆకు ఎక్కువే చదివింది. టైలరు పెళ్ళాం చెయ్యే అంత అని, ఆవిడ తోడెడితే పాలసముద్రం కూడా విరిగి ఊరుకుంటుందని నవ్వింది. నవ్వి, తమ పెరుగు కూడా నాలుగు రోజులుగా సాగుతోందని గొంతు తగ్గించి ఒప్పుకుంది. తోడు మాత్రం వీధి చివర దాలమ్మదట. ఆ మాటకొస్తే ఈ వీధిలో అందరిదీ దాలమ్మదేనట.

వీధి చివర రేకుల పాకలో దాలమ్మ గేదె పొదుగుకు కాపడం పెడుతోంది. డెబ్బై దాటిన ముసలిది, ఒంటి మనిషి. విశాల కాస్త గట్టిగానే మొదలుపెట్టింది: మీ తోడు వల్ల వీధి వీధంతా పెరుగు పాడవుతోంది, తెలుసా అని. దాలమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టి, నిజమేనని తలూపింది. గేదెకు పొదుగు వాచిందట. డాక్టరు సూది మందు వేశాడట. మందు దిగిన పాలు సరిగా తోడుకోవు. మంగళవారమే, నేరుగా తన దగ్గర తోడు పట్టుకెళ్ళే ఇళ్ళకల్లా వెళ్ళి, ఈ వారం నా కొత్త తోడు కలపొద్దని చెప్పి వచ్చిందట.

"పాతది సచ్చిపోకండా పక్కింటి ఆవుపాలు పోసి ఏరే గిన్నెలో నిలబెడతన్నాను తల్లీ. కావలసినోలు వొచ్చి పట్టుకెళ్ళండని సెప్పినాను. ఒక్కలూ రానేదు" అంది. అని, పళ్ళు లేని నోటితో నవ్వింది. "పెరుగు బాగున్నన్నాల్లూ ఈ గుమ్మం ఎవులికీ ఎరికనేదు. పాడైనాక దారి దొరికింది."

దాలమ్మ గూట్లోంచి చిన్న గిన్నె తీసి, ఇంత పాత తోడు ఆకులో పెట్టి ఇస్తూ, ఆ పాడైన పెరుగు పిల్లలెవరూ తినలేదు కదా అని అడిగింది. విశాలకు బడిలో పిల్లలు బారుగా కూర్చుని 'అమ', 'పువు' అని వల్లిస్తున్నట్టు వినిపించింది.

తిరిగి వచ్చి తోడు సూరీడమ్మగారి చేతికిచ్చి, మాస్టారి ముఖం చూడకుండా వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ లైబ్రరీ ఉండే పేజీని మొదటిసారి తెరిచి చదివింది. నెల్లాళ్ళ కిందటే దాన్ని రాసినాయన అక్కడ నాలుగు ముక్కలు రాసిపెట్టాడు. కొత్తదానిలో జంట అక్షరాలను చూసే పద్ధతి మార్చానని, పైకి చదివించే పనికి ఇది ఇంకా పనికిరాదని, అలాంటివాళ్ళు పాత నంబరుదే అడిగి తీసుకోవాలని, పాతదాన్ని అలాగే ఉంచానని. కింద ఆయన పేరుంది. ఏడాదిగా విశాల ప్రోగ్రాము ఆయన రాసినదాని మీదే నిలబడి ఉంది. ఆ పేరు ఆమె చదవడం మాత్రం అదే మొదలు. పేరు ఒక్కటే చెప్పి పిలిస్తే ఆనాటికి ఏది కొత్తదో అది వస్తుంది. నంబరు కూడా చెబితే ఆ నంబరుదే వస్తుంది. విశాల ఫోనులో చెప్పిన వరుసలో పేర్లున్నాయి, నంబర్లు లేవు.

ఆ సాయంత్రమే నంబర్లతో కొత్త వరుస తయారుచేసింది. బడి గుమాస్తా టైపు చేశాడు. 'అమ్మ' మళ్ళీ 'అమ్మ' అయింది. హెడ్మాస్టరు సంతోషంతో ఫోను చేశారు. "చూశారామ్మా, ఆవిడ చెయ్యి తీయించేసరికి అదే దారిలో పడింది. మీరు ముందే కనిపెట్టారు" అన్నారు. విశాల నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి వచ్చింది మాత్రం "మంచిదండీ" అన్న మాట. బాగుచేస్తే మచ్చ పోతుందనుకుంది. బాగుచేయడంతోనే అది బంగారమ్మకు పచ్చబొట్టయి కూర్చుంది.

రెండు రోజులు మాస్టారి వసారా వైపు రాలేదు. మూడోనాడు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. తన ప్రోగ్రాము కింద ఏవేవి ఉన్నాయో, ఏది దేన్ని వెంటబెట్టుకొచ్చిందో, ఏది ఏ నంబరుదో, నలభై ఒక్క పేర్లు. తాను పిలిచినవి ఏడే, తక్కినవన్నీ వాటి చుట్టాలు. మాస్టారు ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టుకుంటూ చివరిదాకా చదివారు. పొందికగా ఉందన్నారు. తరవాత మామూలుగా అడిగినట్టే అడిగారు:

"మళ్ళీ ఎప్పుడైనా పెట్టాల్సి వస్తే, అక్కడ దీన్ని టైపు చేసేదెవరు?"

విశాల తల దించుకుంది. అప్పుడు చెప్పింది, మొదటి ఫోనులో తానన్న మాట నుంచి చివరి ఫోనులో తాను అనకుండా మింగిన మాట దాకా. చెబుతున్నంతసేపూ చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూనే ఉంది. మాస్టారు తిట్టలేదు. తిడితే కొంత తేలికయ్యేదేమో. పన్నెండున్నర బస్సు ఇంకా పోలేదనుకుంటాను అని మాత్రం అన్నారు.

బడికి చేరేసరికి పిల్లల భోజనాలు అయిపోయాయి. హెడ్మాస్టరు గదిలో ఒంటరిగానే ఉన్నారు. ఆయనకు చెవిలో చెప్పి వెళ్ళిపోవచ్చు. విశాల గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, వంటింటి చావడికి వెళ్ళింది. అక్కడ బంగారమ్మ చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. విశాలను చూసి, తప్పు చేసినదానిలా చటుక్కున లేచి నిలబడింది. విశాల గుమాస్తాను పంపి హెడ్మాస్టరును అక్కడికే పిలిపించింది. బంగారమ్మ టైపు చేసినదానిలో తప్పులేదని, తాను చెప్పిన వరుసే కొరతగా ఉందని, చూడకుండా నింద వేశానని, తెలిశాక కూడా నోరు విప్పలేదని చెప్పింది. ఆయన నమ్మలేనట్టు, మరి ఆవిణ్ణి గదిలోకి రానివ్వకపోయాకే కదా బాగయిందన్నారు.

"బాగుచేసింది నేనేనండీ. పాడుచేసిందీ నేనే" అంది విశాల.

ఆయన కాసేపు గడ్డం రుద్దుకుని, రేపటి నుంచి యథాప్రకారం గది తాళం తీసుకోమని, పని మానక్కర్లేదని బంగారమ్మతో చెప్పి వెళ్ళిపోయారు. బంగారమ్మ బొడ్లోంచి మడతలు పడ్డ కాగితం ఒకటి తీసింది. క్యాలెండరు చింపిన ముక్క. వెనకవైపు, ఆ రోజు ఫోనులో విశాల చెప్పిన వరుస పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రాసి ఉంది. ఖాళీ వదలమన్న చోటల్లా, మరిచిపోకుండా, ఒక బియ్యపుగింజంత చుక్క పెట్టుకుంది.

"నా ఏలిదే తప్పనుకున్నానమ్మా" అంది. "అప్పట్నుంచీ దీన్నే సూసుకుంటన్నాను. ఏ అచ్చరం కాడ తప్పినానో ఎంత సూసినా దొరకనేదు."

విశాల ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూసింది. ఒక్క అక్షరం తప్పులేదు. క్షమించమని అడగాలని వచ్చింది, అడిగింది కూడా. బంగారమ్మ పర్లేదమ్మా అంది. వాకిట్లో ఎవరి కాలో తొక్కితే అనే పర్లేదు లాంటిది అది. విశాల నంబర్లతో సహా కొత్త వరుసను అచ్చు అలాగే, చుక్కలు పెట్టి మరీ, ఇంకో కాగితం మీద రాసి ఇచ్చింది. పాతది ఇచ్చేస్తే చింపేస్తానంది. బంగారమ్మ కొత్త కాగితం కళ్ళకద్దుకుని తీసుకుంది. పాతదాన్ని మాత్రం మడత పెట్టి మళ్ళీ బొడ్లోనే దోపుకుని, బియ్యం ముందు కూర్చుంది.

సాయంత్రం వచ్చి విశాల ఇదంతా మాస్టారికి చెప్పింది. ఆయన అంతా విన్నారు. వసారాలో తక్కిన పిల్లలు వెళ్ళిపోయారు. మాస్టారు ఒక్కొక్క కంప్యూటరూ ఆపి గుడ్డ కప్పుతున్నారు. విశాలకు ఒక్క సందేహం మిగిలిపోయింది.

"కొత్తది రాసిచ్చాక ఆ పాత వరుస ఇక దేనికీ పనికిరాదు కదా మాస్టారూ. ఆవిడ దాన్నెందుకు దాచుకున్నట్టు?"

మాస్టారు చివరి కంప్యూటరు మీద గుడ్డ సర్ది, కొసలు లాగి, ఆమె వైపు చూశారు.

"ఇంకోసారి ఏదైనా చెడితే, ఫోనులో చెప్పేది మళ్ళీ నువ్వే కదమ్మా" అన్నారు.