గంట ఆగిన బడి

కొండవాలులో చిట్టడవి పిల్లలకు ఒక బడి ఉండేది. పెద్ద టీచరు నల్లమ్మ అనే గేదె. కొమ్ములెంత పెద్దవో కోపం అంతకంటే పెద్దది, పిల్లల మీద ప్రేమ ఆ రెండింటికన్నా పెద్దది. పొద్దస్తమానం నెమరు వేస్తూ పాఠం చెప్పేది కాబట్టి మెడలోని చెక్కగంట టకటకమంటూనే ఉండేది. ఆ బడిలో మొదటి పాఠం అదే. గంట మోగినంతసేపు చదువుకోవాలి, ఆగిందంటే కంటికి కనబడకూడదు. జింకపిల్లల నుంచి అడవిపంది పిల్ల బొండాలు దాకా అందరికీ అది నిద్రలో లేపి అడిగినా వచ్చు.

ఒకనాడు సింహం సర్కారు నుంచి కబురొచ్చింది. చిరుత దొరగారు తనిఖీకి వస్తున్నారట. బాగుందంటే బడి ఉంటుంది, లేదంటే మూత. మూతపడితే పిల్లలకు ప్రాణం కాపాడుకునే చదువు చెప్పే దిక్కుండదు.

కబురు అందగానే బడి కమిటీ ఛైర్మన్ నక్క ఊడిపడ్డాడు. బడి మొహం చూసి ఏళ్లయినవాడు, ఆ రోజు మాత్రం టీచర్లందరినీ కూర్చోబెట్టి తర్ఫీదు మొదలుపెట్టాడు.

“దొరగారు నాకు బాగా కావలసినవారు. నేను చెప్పినట్టు చేస్తే గట్టెక్కుతాం. గుమ్మానికి మామిడాకులు కట్టండి. బొద్దుగా ఉన్న పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి.”

“బొద్దుగా ఉన్నవాళ్లే ఎందుకో?” అంది నల్లమ్మ.

“పోషణ బాగుందని కనబడొద్దూ!”

“ఎవరి పోషణ ఛైర్మన్‌గారూ? పిల్లలదా, దొరగారిదా?”

నక్క చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “పెద్దవారు వస్తే భోజనం ఏర్పాటు చెయ్యమా ఏమిటి? ఒకరిద్దరు తగ్గితే బడికేం లోటు? నేను మాట కూడా ఇచ్చేశాను.”

నల్లమ్మకు ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు నక్కను కొమ్ములతో ఎత్తి కొండ కిందికి విసిరేద్దామనిపించింది. డ్రిల్లు మాస్టారు కుందేలు ఆమె చెవి దగ్గర చేరాడు.

“టీచరమ్మా, ఎదురు తిరక్కండి. బడి మూసేస్తారు.”

“పిల్లల్ని వడ్డించి నిలబెట్టుకునే బడి నాకెందుకయ్యా?” అంది నల్లమ్మ, నక్కకు వినబడేలాగే.

నక్క అదేమీ పట్టించుకోలేదు. “ఆఖరి మాట. దొరగారికి చప్పుడంటే గిట్టదు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే చీమ చిటుక్కుమనకూడదు. మీ మెడలో ఆ దిక్కుమాలిన గంట కూడా.”

నల్లమ్మ నెమరు వేస్తూనే అతని వైపు చూసింది. ఇన్నేళ్లు ఛైర్మన్ కుర్చీలో కూర్చున్నాడు, ఆ గంట ఎందుకుందో ఒక్కనాడైనా అడగలేదు.

“సరే. దొరగారు రాగానే గంట ఆపుతాను. ఇది మాత్రం మీరు చెప్పినట్టే చేస్తాను,” అంది.

తనిఖీ రోజు చిరుత దర్జాగా వచ్చింది. తడిక సందులోంచి తొంగి చూసి, వరసల్లో కూర్చుని పాఠం వింటున్న పిల్లల్ని చూసి మూతి నాక్కుంది. ముందు వరసలో బొండాలు బుద్ధిగా కూర్చున్నాడు, అతని పక్కనే నక్క కాలు మీద కాలేసుకుని. చిరుత గుమ్మంలో అడుగు పెట్టింది. నల్లమ్మ నెమరు ఆపింది.

టకటక ఆగింది.

నక్క లేచి దండం పెట్టేలోగా పిల్లలంతా వెనక తడిక కిందుగా దూరి మాయం, గది ఖాళీ. తోక అంచు కూడా కనబడలేదు. కుందేలు మాస్టారైతే పిల్లలకంటే ముందే పొదలో ఉన్నాడు.

“పిల్లలేరీ?” గర్జించింది చిరుత.

“వాళ్లు పాఠం నేర్చుకున్నారో లేదో చూడ్డానికేగా వచ్చారు? ఇదే జవాబు దొరా! చిరుత గుమ్మంలోకి వస్తే ఏం చెయ్యాలో ఒక్కడు కూడా తప్పు చెప్పలేదు,” అంది నల్లమ్మ.

“నేను బడి మూయించగలను!”

“మూయించండి. పిల్లలు వరసల్లో కూర్చుని ఉండగా మీ కళ్లతో చూశారు. చూసింది చూసినట్టు సర్కారుకు చెప్పకపోతే నేనే వెళ్లి చెబుతాను, మీరు ఇక్కడ ఎవర్ని తినడానికొచ్చారో దాంతో సహా!” నల్లమ్మ కొమ్ములు వంచి చిరుతకు ఎదురుగా నిలబడింది.

చిరుత ఆ కొమ్ముల వైపు ఒకసారి, ఖాళీ గది వైపు ఒకసారి చూసింది. “బడి బాగానే నడుస్తోంది,” అని పళ్లు కొరికింది. అసలే ఆకలి. గంట ఆగినా కదలకుండా ముందు వరసలో మిగిలిపోయిన ఒక్క శాల్తీ మీద దాని చూపు నిలిచింది.

“భోజనం ఏర్పాటు చేశానన్నావు కదూ?”

నక్క అప్పుడు కాళ్లకు బుద్ధి చెప్పాడు. ముందు ఛైర్మన్, వెనక దొరగారు, మామిడాకులు తెంపుకుంటూ కొండ దిగిపోయారు. ఆ తర్వాత ఆ అడవిలో ఛైర్మన్‌ను చూసినవాళ్లు లేరు.

నల్లమ్మ తీరిగ్గా నెమరు అందుకుంది. గంట మోగింది. పొదలు కదిలాయి. అందరికంటే ముందు బొండాలు వచ్చి తన చోట కూర్చున్నాడు.

నీతి: చూసిపోయేవాడి కోసం కాదు, చదువుకునేవాడి కోసం నడిచే బడి ఏ తనిఖీకీ తల వంచదు.