దోసకాయల మీద పాఠం

ఒకానొక రాజ్యంలో రాజుగారికి రాని విద్య లేదట. రాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు కనుక ఆ మాటే చెల్లుబాటైపోయింది. ఆయన పేరు గజకేసరిరాయలు. పేరు కంటే మీసం పొడవు.

ఆ రాజ్యంలోని వైద్యశాలలో ఓబళాచారి అనే గురువు శిష్యులకు శస్త్రవైద్యం నేర్పేవాడు. పాఠం చెప్పడమంటే ఆయనకు పంచప్రాణాలు. ఏళ్ళ తరబడి చెబుతున్న పాఠమే అయినా, చూడండి విచిత్రం, మళ్ళీ చెప్పబోయేముందు తాను ఒకసారి చేసి చూసుకోందే ముద్ద దిగేది కాదు.

ఒకనాడు రాయలవారు వైద్యశాలకు వేంచేశారు. గురువుగారు చాప మీద కూర్చుని, మాగిన దోసకాయలకు చిన్న కత్తితో మెల్లగా గాట్లు పెడుతున్నాడు.

"ఏమయ్యా ఆచారీ, పప్పులోకా, పచ్చడిలోకా?"

"పాఠంలోకి ప్రభూ. రేపు గడ్డ కోయడం చెప్పాలి. తోలు తెగాలి గానీ కత్తి లోతుకు దిగకూడదు. శిష్యుడి చెయ్యి ఎక్కడ జారుతుందో ముందు నా చేతికి తెలియాలి కదా!"

రాజు పకపకా నవ్వాడు. "అంటే నీకింకా రాదన్నమాట! వచ్చినవాడికి ఈ తంటా దేనికి? సింహాసనం ఎక్కబోయేముందు నేను పీట మీద కూర్చుని నేర్చుకుంటున్నానా? నేటి నుంచి గురువులు నేరుగా వెళ్ళి పాఠం చెప్పాలి. ముందుగా ఇలా కసరత్తు చేస్తూ కనబడితే కొలువు ఊడుతుంది!"

ఆచారి కత్తి కింద పెట్టేశాడు. తిన్నగా తన స్నేహితుడు, ఆస్థాన విదూషకుడు గంటన్న ఇంటికి పోయి కూలబడ్డాడు.

"గంటన్నా, చేసి చూసుకోకుండా పాఠం చెబితే రేపు నా శిష్యుల చేతిలో రోగుల గతేమిటి? ముందుగా చేసి చూసుకుంటే నా కొలువు గతేమిటి?"

"పోనీ, పాఠం మానెయ్యి బావా."

"ఊపిరి మానెయ్యమన్నట్టుంది!"

"సరేలే, ఆ గడ్డ పాఠం కొన్నాళ్ళు వాయిదా వేసి కాస్త ఓపిక పట్టు," అన్నాడు గంటన్న. పైకి అన్నాడే గానీ, ఉపాయం అతనికీ తట్టలేదు.

వారం తిరక్కుండా కొలువులో కొత్త మర్యాద పుట్టింది. రాజుగారు నిలబడి సభ తీర్చడం మొదలుపెట్టారు. రాజు నిలబడితే ఇంకెవరు కూర్చుంటారు? ముసలి మంత్రి మోకాళ్ళు పట్టుకుని మూలిగాడు. "కూర్చోవడం సోమరుల లక్షణం!" అన్నారు రాయలవారు. అంటూనే చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది, ముఖం ముడుచుకుపోయింది. గంటన్న చూడనే చూశాడు. లోలోపల ఎగిరి గంతేశాడు.

మర్నాడు సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మహాప్రభూ, తమ ఆజ్ఞ ప్రకారం మొదటి పాఠం ఇక్కడే జరగాలని గురుశిష్యులను పిలిపించాను."

"భేష్!"

"పాఠం గడ్డ కోయడం. దోసకాయలు కూడదన్నారు కనుక నిజమైన గడ్డే కావాలి. అది ఎవరికుందో ఇప్పుడే తేల్చేస్తాను. అయ్యలారా! హాయిగా కూర్చోగలిగినవాళ్ళంతా కూర్చోండి!"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు సభంతా దభీమని కూర్చుంది. అందరికంటే ముందు మంత్రి. నిలబడి మిగిలింది రాజుగారొక్కరే.

"దొరికింది!" అన్నాడు గంటన్న. "సిగ్గుపడకండి ప్రభూ, బోర్లా పడుకోండి. ఏం నాయనా శిష్యా, కానియ్యి!"

శిష్యుడు కత్తి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "గురువుగారూ, దీన్ని ఎటువైపు పట్టుకోవాలండీ?"

రాయలవారు ఒక్క గెంతున స్తంభం చాటుకు పోయారు. "ఆగు! వీడు ముందు దేనిమీదైనా కోసి చూసుకున్నాడా?"

"లేదు ప్రభూ. వాడి గురువూ వారమై కత్తి ముట్టలేదు. తమ ఆజ్ఞ! ఇద్దరూ నేరుగానే వస్తున్నారు."

"నేరుగా రావద్దు! దోసకాయలు తెప్పించండి! బండెడు తెప్పించండి!"

ఆ పూటంతా ఆచారి తాను కోసి చూసుకున్నాడు, ఆనక శిష్యుడి చేత కోయించాడు. మర్నాడు రాజుగారు పళ్ళు బిగించి బోర్లా పడుకున్నారు.

"ఎప్పుడు మొదలుపెడతావురా?"

"అయిపోయింది ప్రభూ," అన్నాడు శిష్యుడు.

రాయలవారు తెల్లబోయారు. మెల్లగా లేచి, సింహాసనం మీద కూర్చుని చూసుకుని, విరగబడి నవ్వారు. మెడలోని ముత్యాలహారం గంటన్న మెడలో వేశారు. "పాఠానికి ముందు గురువు ఒంటరిగా కూర్చునే పూట కూడా ఇకనుంచి కొలువు కిందే లెక్క! ఏడీ ఆచారి? కనకాభిషేకం చెయ్యాలి!"

ఆచారి ఎక్కడున్నాడు? రేపటి పాఠం విరిగిన ఎముక కట్టడమట. వెదురుబద్దలు చెక్కుకోవడానికి ఎప్పుడో జారుకున్నాడు.

ఆ మాట విని రాయలవారు మళ్ళీ నవ్వారు. "పోనివ్వండయ్యా, పిలవకండి. కనకమే అక్కడికి నడిచి వెళుతుంది."