మసి పూయని ఆకులు

ఏ రాజ్యమని మాత్రం అడక్కండి, ఆ రాజుగారి మునిమనవలు ఇంకా ఉన్నారు. రాజు పేరు రాయభూపతి. కత్తి పట్టడం వచ్చు, పన్నులు గుంజడం అంతకన్నా బాగా వచ్చు. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా లేకపోను. ఒక పండగనాడు నిండుసభలో లేచి, లోకంలో ఇంతదాకా పుట్టిన కావ్యాలన్నీ వెలవెలబోయేలా పదివేల పద్యాలతో ఒక కావ్యం చెబుతానన్నాడు. అక్కడైనా ఆగాడా? అది పూర్తయ్యేదాకా తన రాజ్యంలో ఇంకెవరూ కావ్యమన్న మాటెత్తకూడదని శాసనం కూడా వేయించాడు.

ఆ కావ్యం రాసిపెట్టే లేఖకుడు మాచన. తెల్లవారగానే తాటాకులూ గంటమూ పట్టుకుని రాజు ఎదుట కూర్చోవాలి. రాజు చెప్పింది ఆకు మీద గంటంతో గీయాలి, ఆనక మసి పూసి తుడవాలి. మసి పూస్తేనే అక్షరం కంటికి ఆనుతుంది. అప్పటిదాకా గీసిన ఆకూ గీయని ఆకూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి.

కూర్చోవడమైతే ఇద్దరూ కూర్చున్నారు. మొదటిరోజు గంటం బాగాలేదన్నాడు రాజు. బంగారు పిడి వేసిన గంటం వచ్చింది. ఆకులు ముతకన్నాడు. వేరే సీమ నుంచి మెత్తనివి తెప్పించారు. ఒకనాడు మబ్బేసి మనసు నిలవలేదు, ఇంకోనాడు ఎండెక్కి తల తిరిగింది. మొదటి పద్యమే వెయ్యేళ్లు నిలవాలయ్యా, తొందరపడితే ఎలా, అనేవాడు. ఇలా ఒకటి కాదు రెండు కాదు, పదకొండేళ్లు.

మాచనకు కడుపు మండిపోయేది. ఎందుకంటే అతని బుర్రలోనూ ఒక కావ్యం ఉంది. అతను చంటిబిడ్డగా ఉన్నప్పుడు వాళ్ల ఊరికి కరువొచ్చింది. ఊరు ఊరంతా కొండదాటి వలసపోయింది. అక్క ఎర్రమ్మే అతన్ని చంకనేసుకుని నడిచింది. దారిలో ఎవరు ఎక్కడ కూలిపోయారో, ఎవరిని ఏ రాతి పక్కన పూడ్చారో ఆమెకు పేరుపేరునా తెలుసు. "రాసెయ్యరా తమ్ముడూ, నేను పోతే చెప్పేవాళ్లుండరు" అని ప్రాణం తీసేది. శాసనం ఉంది కదక్కా, రాజుగారిది పూర్తి కానీ, అనేవాడు మాచన. రాజుగారి కావ్యం తలపెట్టిన తొమ్మిదో ఏట ఎర్రమ్మ పోయింది. ఆ రోజు రాజు మీద పుట్టిన కసి అతనిలో మళ్లీ చల్లారలేదు.

పదకొండో ఏట రాజుగారి షష్టిపూర్తి. సభలో పెద్దలు ఊరుకోక, కావ్యం ఎంతదాకా వచ్చిందని అడిగారు. రాజుకు తల కొట్టేసినట్టయింది. ఆకుల కట్ట తెప్పించి, నలుగురి ముందూ విప్పి, చూశారా ఈ సోమరిపోతు నిర్వాకం, ఇన్నేళ్లూ నా ఉప్పు తిని ఒక్క అక్షరం గీయలేదు, వీణ్ణి చెరలో వేయించాలి, అన్నాడు.

మాచన నెమ్మదిగా లేచాడు.

"తమరు నోరు విప్పినప్పుడల్లా గీశాను ప్రభూ. మసి పూయడమే మిగిలింది. సెలవిస్తే ఇప్పుడే పూస్తాను."

సభ చూస్తుండగా మొదటి ఆకుకు మసి పూసి తుడిచాడు. నల్లగా అక్షరాలు తేలాయి. చదివాడు: 'ఈవేళ గంటం బాగాలేదు.' ఇంకో ఆకు: 'మబ్బేసింది, రేపు చూద్దాం.' మరో ఆకు: 'రాత్రి గారెలు ఎక్కువయ్యాయి, పద్యం రాదు.' అలా చదువుతూనే పోయాడు. పెద్దలు ముందు ఉత్తరీయాలు అడ్డం పెట్టుకుని నవ్వారు, తర్వాత ఆ అడ్డం కూడా తీసేశారు.

"తమరు సెలవిచ్చింది ఇంతే ప్రభూ. ఇది పూర్తయిందంటే శాసనం ఎత్తేయండి. కాలేదంటే మిగతాది ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను."

రాజు ముఖం జేవురించింది. నోరు తెరిచాడు, ఏం చెప్పినా ఆకెక్కుతుందని తోచి మూసుకున్నాడు. చివరికి ఆయనే పగలబడి నవ్వాడు. శాసనం రద్దు చేశాడు. తన చేతి కంకణం తీసి మాచనకు తొడిగాడు. ఇక అడ్డం లేదుగా, నువ్వేం రాస్తావని అడిగాడు. మాచన కరువు సంగతి చెప్పాడు. అయితే ఇక్కడే మొదలుపెట్టమని కొత్త ఆకు చేతికిచ్చాడు రాజు.

మాచన చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. పదకొండేళ్లు మనసులో సానబెట్టుకున్న మొదటి పద్యం ఆ ఆకు ముందు చప్పగా తోచింది. ఇంత పెద్ద కథ హడావుడిగా ఎత్తుకోకూడదు ప్రభూ, నాలుగు రోజులు మనసు కుదుటపడనివ్వండి, అన్నాడు.

సభ గొల్లుమంది. రాజు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు.

"నా సాకులన్నీ నా ఎదుటే కూర్చుని, నాకు తెలియకుండా గీశావు. ఎవరి కంటా పడలేదు. ఆ పక్క ఆకు మీద మీ అక్క చెప్పింది గీసుకుంటే పట్టుకునేదెవరయ్యా?"

మాచనకు అప్పుడు తట్టింది. రాజు మీద కసి తీర్చుకోవడానికి అడ్డురాని శాసనం, అక్క మాట దగ్గరే అడ్డొచ్చిందన్నమాట. ఇన్నేళ్లూ రాజుకు మబ్బులు సాకైతే, తనకు రాజు సాకయ్యాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంటికెళ్లి కాళ్లయినా కడుక్కోకుండా కూర్చున్నాడు. 'ఆ ఏడు వాన రాలేదు' అని గీశాడు. పద్యం కాదు, పాడూ కాదు. అయినా ఆకు పారేయలేదు. కొండదారిలో మొట్టమొదట కూలిపోయింది ఎవరో ఆడపిల్ల. అక్క ఆ పేరు ఎన్నోసార్లు చెప్పింది. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అడగడానికి అక్క లేదు.

'ఒక పిల్ల' అని రాసుకుని ముందుకు పోయాడు.