ఎక్కినట్టే దిగిన లారీ

లారీ డ్రైవరు గురువులు ఇంట్లో తెలివికి ఏనాడూ కరువు లేదు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, గురువులే అనేవాడు. భార్య నూకాలు అవునని తల ఊపేది. బావమరిది దాలినాయుడు ఇంకో నాలుగు ఊపులు ఎక్కువ ఊపేవాడు. లారీ తోలే లైసెన్సు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలని ఆఫీసులో చెప్పారట. అంతే, నూకాలు దాన్ని మొగుడి చొక్కాకి కుట్టేసింది. చొక్కా ఉతికిన రోజున లారీ కదిలేది కాదు.

లారీ కొండబాబుగారిది. తాళాలు మాత్రం గురువులు మొలతాడుకి వేలాడేవి. మొన్నమొన్నటిదాకా ఎడ్లబండి తోలినవాడు మరి, నడుస్తుంటే అవి గలగలమంటే రాజ్యం ఏలుతున్నట్టుండేది.

చదును రోడ్ల మీద బావా బావమరుదులు బాగానే తోలేవారు. ఘాట్ రోడ్డు పేరెత్తితే చాలు, ఇద్దరికీ ఒకేసారి కడుపునొప్పి వచ్చేది. కొత్త డ్రైవర్లని ఆ ఘాట్ మింగేస్తుందని టీ బడ్డీ దగ్గర ఎవరో అనగా విన్నారు. కొండ మీదికి లోడు ఉందంటే ఏదో వంక పెట్టి తప్పించుకునేవారు. చివరికి కొండబాబుగారికి ఒళ్ళు మండింది.

“రేపు ఈ ఉప్పు బస్తాలు కొండ మీద సంతకి చేర్చాలి. చేర్చలేదో, తాళాలు నా చేతిలో పెట్టేసి మళ్ళీ ఎడ్లని కట్టుకోండి,” అన్నారు.

గురువులు చెయ్యి మొలతాడు మీదికి పోయింది. తాళాలు పోతే ప్రాణం పోయినట్టే అనిపించింది. ఇంటికొచ్చి ముగ్గురూ కూర్చుని ఆలోచించారు. ఘాట్ మింగేది కొత్తవాళ్ళనే కదా, మీరు పాతవాళ్ళయిపోతే సరి అని నూకాలు తేల్చేసింది. ఇంకేముంది, ట్రంకుపెట్టెలోంచి తాతల నాటి కోట్లు తీసి ఇద్దరికీ తొడిగింది, తలలు నెరిసినట్టుండాలని గుప్పెళ్ళతో విబూది పట్టించింది.

ఆ వేషంతోనే వెళ్ళి ముసలి డ్రైవరు సీతన్నని సలహా అడిగారు. సీతన్న నవ్వాపుకుని మూడు ముక్కలు చెప్పాడు. మలుపు వస్తే హారన్ కొట్టాలి. ఎక్కేవాళ్ళకి ముందు దారివ్వాలి. ఇక దిగేటప్పుడు, ఎలా ఎక్కారో అలాగే దిగాలి. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగమని ఆయన ఉద్దేశం. ఆ సంగతి డ్రైవర్లందరికీ తెలుసు, ఈ ఇద్దరికీ తప్ప.

తెల్లారి బయల్దేరారు. మొదటి మలుపు దగ్గర గురువులు హారన్ కొట్టి బండి ఆపేశాడు. పిలిచాక జవాబు రావద్దూ? పలకని మలుపులోకి పెద్దమనుషులు ఎలా వెళతారు? వెనకొచ్చిన బస్సువాడు చూసి చూసి విసుగెత్తి హారన్ మోగించాడు. అదిగో పలికింది అనుకుని ముందుకి కదిలారు. మలుపు మలుపుకీ ఇదే వరస.

తర్వాత ఎక్కేవాళ్ళ గొడవ. కట్టెలమోపుతో ముసలమ్మ ఎక్కుతుంటే దారిచ్చారు. మేకలు ఎక్కుతుంటే దారిచ్చారు. ఒక కోతి చెట్టెక్కుతుంటే, అది చిటారుకొమ్మకి చేరేదాకా ఇంజను ఆపుకుని కూర్చున్నారు. బస్సులో జనం తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఈ కాలం వాళ్ళకి ముసలివాళ్ళంటే గౌరవమే లేదని గురువులు నొచ్చుకున్నాడు.

ఇంకాస్త పైన ‘రాళ్ళు పడును, జాగ్రత్త’ అని బోర్డు కనిపించింది.

“పడతాయని సర్కారోళ్ళే రాసినారు బావా. పడిపోనాకే ఎల్దాం. నేకపోతే మన మీదే పడతాయి,” అన్నాడు దాలినాయుడు.

కాచుకు కూర్చున్నారు. ఒక్క రాయీ పడలేదు. ఎండ ముదురుతోంది, సంత ఎత్తేస్తారేమోనని గురువులు తాళాలు తడుముకున్నాడు. బావ అవస్థ చూడలేక దాలినాయుడే గట్టెక్కి ఒక బండరాయిని దొర్లించాడు. అది వచ్చి నడిరోడ్డు మీద చతికిలబడింది. బోర్డు మాట దక్కిందని ఇద్దరూ దణ్ణం పెట్టుకున్నారు. బస్సులో మగాళ్ళంతా దిగి రాయిని పక్కకి తోశారు. వీళ్ళనీ తోసేద్దామా అని కాసేపు ఆలోచించి, పాపమని వదిలేశారు.

ఎలాగైతేనేం, సంత ఎత్తకముందే చేరారు. కళ్ళు కాయలు కాచేలా ఎదురు చూస్తున్న షావుకారు, ఉప్పు వచ్చేసిందని కొండబాబుగారికి ఫోను చేసి, దింపడానికి కూలీలని పిలుచుకురావడానికి వెళ్ళాడు. తాళాలు దక్కాయని గురువులికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు దాలినాయుడు గడ్డం పట్టుకున్నాడు.

“బావా, మనం ఎలాగెక్కినాం?”

“ఉప్పుతో ఎక్కినాం.”

“మరి ఉప్పు దింపీసినాక ఎక్కినట్టు ఎలాగ దిగుతాం?”

గురువులు గతుక్కుమన్నాడు. నిజమే. అయినా సంతకి చేర్చమన్నారు, చేర్చాం, దింపమని కొండబాబుగారు అనలేదే. పైగా ఎక్కేటప్పుడు లారీ ముక్కు కొండ వైపుంది, దిగేటప్పుడూ అటే ఉండాలి కదా. అంతే, షావుకారు తిరిగొచ్చేలోగా లారీని రివర్సులో పెట్టి దిగడం మొదలెట్టారు. దాలినాయుడు వెనక నడుస్తూ చేతులూపాడు. గురువులు హారన్ కొడితే మలుపు తరఫున నోటితో అతనే పలికాడు. ఈ లారీ ఎక్కుతోందో దిగుతోందో తెలీక ఘాట్ మొత్తం ఆగిపోయింది.

కింద కొండబాబుగారు పూలదండ పట్టుకుని నిలబడి ఉన్నారు. ముందు తోక వచ్చింది, తర్వాత ఉప్పు వచ్చింది, ఆఖర్న విబూది తలతో గురువులు వచ్చాడు. ఆయన దండ కింద పారేసి చెయ్యి చాపారు. గురువులు బావురుమంటూ తాళాలు విప్పి ఆ చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా ఏడుస్తున్న మొగుణ్ణి నూకాలు కోప్పడింది.

“ఏటలాగ ఏడుత్తావు? బాబుగారు తాళాలడిగినారు గానీ బండడిగినారేటి? ఎడ్లని కట్టుకోమని కూడా ఆయనే సెప్పినారు గదా.”

మర్నాడు కొండబాబుగారు వచ్చేసరికి షెడ్డులో లారీ లేదు. తాళాలు చేత్తో పట్టుకుని పరుగెత్తారు. ఉప్పు బస్తాలతో సహా ఘాట్ మొదట్లో కనిపించింది. స్టీరింగు దగ్గర గురువులు, ముందు చర్నాకోలతో దాలినాయుడు, లారీకి కట్టి ఊళ్ళో ఎడ్లన్నీ. ఒక్కో ఎద్దు తల నిండా విబూది, వీపు మీద తాతల నాటి కోటు. ఘాట్‌కి అవి కొత్త కదా మరి.