తాత పడుకోవాలి

రాయి మెత్తగా, కాకి తెల్లగా ఉన్న కాలంలో మూడు ఊళ్ళకు కలిపి ఒక పసిబిడ్డల వైద్యుడు ఉండేవాడు. పేరు మద్దిలేటి.

అంతటి వైద్యుడు మళ్ళీ పుట్టలేదు. ఆయన గడపలో కాలు పెడితే జ్వరం దొడ్డిదారిన పారిపోయేది. ఆయన ఒక్కసారి దగ్గితే యముడి దున్నపోతు బెదిరిపోయి వచ్చిన దారినే వెనక్కి నడిచేది.

సరే, దున్నపోతును ఎవరూ చూడలేదనుకోండి. అందరూ చూసిందేమిటంటే, వీధికుక్క మొరిగితే మద్దిలేటే వచ్చిన దారిన వెనక్కి నడిచేవాడు. ఆయన సంచిలో ఉన్నవీ మూడే. వస కొమ్ము, కరక్కాయ, నేలవేము. మొదటిది నాలుకను మండిస్తుంది. రెండోది నోరు పిడచకట్టిస్తుంది. మూడోదాని చేదు మూడు తరాలకు గుర్తుంటుంది.

మందుదేముంది, తాగించడంలోనే ఉంది విద్యంతా. ఉగ్గుగిన్నెలో కషాయం పోసి మొదటి గుక్క తానే తాగేవాడు. మూతి అష్టవంకర్లు తిప్పేవాడు. మేకలా అరిచేవాడు. బిడ్డ నవ్వగానే “నాదైంది, నీదో?” అనేవాడు. నవ్విన నోట్లో మందు పోయడం ఎంతసేపు!

ఒక ఏడు వానలు వెనకబడి, కురిస్తే కుండపోతగా కురిసి, ఊళ్ళ చుట్టూ నీళ్ళు నిలిచిపోయాయి. మూడు ఊళ్ళలోనూ పిల్లలకు చలిజ్వరం తగిలింది.

రాళ్ళపాడు నుంచి పిలుపొచ్చింది. కాళ్ళు వద్దన్నాయి. మద్దిలేటి పదండి అన్నాడు. ఇంటింటికీ తిరిగాడు.

ఊటగుంట నుంచి పిలుపొచ్చింది. కాళ్ళు వద్దన్నాయి. మద్దిలేటి పదండి అన్నాడు. మళ్ళీ ఇంటింటికీ తిరిగాడు. ఎన్ని గుక్కలు తాగాడో, ఎన్నిసార్లు మేకయ్యాడో లెక్కలేదు.

మూడో ఊరు తుమ్మలబీడు. అక్కడి తిరుపాలమ్మ ఆయన్ను వెతుక్కుంటూ ఊటగుంటకు వచ్చింది. ఆమె కూతురు సుంకికి అయిదేళ్ళు.

“చిన్నాయనా, నా బిడ్డకు మూడు దినాలుగా జ్వరం. మందు పోస్తే నా మొహానే ఊస్తాంది.”

మద్దిలేటి కళ్ళు తెరిచి విన్నాడో, మూసి విన్నాడో ఆమెకు తెలియలేదు.

“రేపొస్తాలే తల్లీ.”

“రేపటికి వుంటాదో లేదో చిన్నాయనా.”

“ఒంట్లో ఓపిక లేదమ్మా. ఇంటికి పోయి కాస్త నడుం వాలుస్తా. ఈ కషాయం తీసుకుపో. నువ్వే తాగించు.”

ఈసారి కాళ్ళు వద్దన్నాయి. మద్దిలేటి సరే అన్నాడు.

తిరుపాలమ్మకు కోపం రాలేదు. కోపానికీ ఓపిక కావాలి. మూడు దినాలుగా ఆమెకూ కునుకు లేదు. కషాయం ముంత పట్టుకుని ఎండలో ఇంటికి నడిచింది.

ఒకసారి బతిమాలింది. సుంకి ఊసింది. అత్త ఓబులమ్మ గద్దించింది. సుంకి ఊసింది. ఇద్దరూ కలిసి ముక్కు మూసి పోశారు. సుంకి ఇద్దరి మీదా ఊసింది.

“ఇది బిడ్డ గాదు, చిమ్మనగొట్టం!” అంది ఓబులమ్మ. అంటూనే కొంగు నోట్లో కుక్కుకుంది. బిడ్డ ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ముంతలో ఇక ఒక్క గిన్నెడే మిగిలింది.

అప్పుడు గడపలో నీడ పడింది. చూస్తే మద్దిలేటి!

“రేపంటివంట గదా అబ్బీ, అప్పుడే రేపయిందా?” అంది ఓబులమ్మ.

మద్దిలేటి తూలుతూ లోపలికి వచ్చాడు. ఇల్లంతా ఒకసారి కలయజూశాడు. తిరుపాలమ్మ చేతిలో ఉగ్గుగిన్నె కనిపించింది. వచ్చి బిడ్డ ముందు చతికిలబడ్డాడు. మనసాగక వచ్చాడు మహానుభావుడు, అనుకుంది తిరుపాలమ్మ. గిన్నె నింపి ఆయన చేతికిచ్చింది.

ఒక్క గుక్క తాగాడు. మూతి తిప్పబోయాడు. మూతి తిరగలేదు. మేకలా అరవబోయాడు. ఆవలింత వచ్చింది.

“నాదైంది...” అన్నాడు. అంతే, గడ్డం గుండెల మీద వాలిపోయింది. గిన్నె మాత్రం చేతిలో నిటారుగానే ఉంది. చుక్క ఒలకలేదు. గురక మొదలైంది.

“వైద్యుడే పడిపాయ! ఇంగ రోగి గతేంది?” అంది ఓబులమ్మ.

తిరుపాలమ్మకు ఏడుపు కూడా రాలేదు. గోడకు ఆనుకుని చూస్తూ కూచుంది. సుంకి కూడా ఆ తాతనే చూస్తోంది. ఇంతవరకూ తనను బతిమాలనివాడు ఈయనొక్కడే.

“అమ్మా, తాత ఇంటికి పోయి పడుకోడా?”

“నువ్వు మందు తాగలేదు గదా తల్లీ.”

“తాగితే పోతాడా?”

“పోతాడు. పోయి పడుకుంటాడు.”

సుంకి పక్కబట్ట మీంచి పాక్కుంటూ వచ్చింది. తాత మణికట్టును మెల్లగా వంచింది. గిన్నెకు నోరు ఆనించి, మూడు గుక్కల్లో మొత్తం మింగేసింది. అమ్మ నోరు తెరవబోతే మూతి మీద వేలేసుకుంది.

“ష్... లేస్తాడు.”

మరునాటికి ఒళ్ళు చల్లబడింది. మూడోనాటికి పిల్ల సంగటి అడిగింది.

ఆ కబురు మూడు ఊళ్ళకూ పాకింది. ఏ బిడ్డ మొండికేసినా తల్లి ఒకటే మాట: “తాగమ్మా, పాపం తాత పడుకోవాలి.” మేక అరుపుకు లొంగని పిల్లలు కూడా ఆ మాటకు లొంగారు.

ఇక మద్దిలేటి ఆరోజు ఎలా వచ్చాడన్నది పెద్ద కథైపోయింది. గ్రామదేవత చెయ్యి పట్టి నడిపించిందన్నారు రాళ్ళపాడువాళ్ళు. బిడ్డ మూలుగు రెండు కోసుల దూరం వినిపించిందన్నారు ఊటగుంటవాళ్ళు. మనసాగక తన వెనకే వచ్చాడంది తిరుపాలమ్మ. మద్దిలేటి అన్నీ విని తల దించుకునేవాడు. ఎంత అణకువో అనుకునేవాళ్ళు జనం.

ఏళ్ళు గడిచాయి. నడిచి నడిచి అరిగిపోయిన మనిషి ఒకనాడు మంచం పట్టాడు. తిరుపాలమ్మ పక్కన కూచుని గంజి పోస్తోంది.

“తల్లీ, ఆ పొద్దు నేను మీ ఇంటికి రాలేదు.”

“రాకుంటే నా బిడ్డ యాడుండు చిన్నాయనా?”

“వస్తి గానీ, మీ ఇంటికని రాలేదు. మా ఇంటికే పోతాంటి. నిద్రకళ్ళతో దారి తప్పితి. మీ గడప తొక్కి మా ఇల్లే అనుకుంటి. నా మంచం యాడ పాయనబ్బా అని చూస్తాంటి. నీ చేతిలో గిన్నె చూసినాకనే తెలివొచ్చింది. ఇన్నేళ్ళూ మీరంతా మొక్కుతాంటే నోరు మూసుకోని వుంటి. సిగ్గు తల్లీ.”

తిరుపాలమ్మ గంజి గిన్నె కింద పెట్టింది. తర్వాత ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుని దుప్పటి ఆయన గడ్డం దాకా లాగింది.

“పడుకో చిన్నాయనా. ఇంగ నిన్నెవురూ లేపరు.”

పడుకున్నాడు. ఎవరూ లేపలేదు.

ఇప్పటికీ ఆ మూడు ఊళ్ళలో బిడ్డ మందు మింగగానే తల్లి గడప వైపు తిరిగి ఒక మాట అంటుంది:

“మా బిడ్డ తాగేసింది తాతా. ఇంటికి పో. దారి చూసుకోని పో.”