మంగళం లేని పాట

భీమిలి దగ్గర అప్పలదాసుగారి భజన మఠంలో ఒక కట్టుబాటు ఉంది. పాట మొదలయ్యాక మంగళం పాడేదాకా ఎవరూ లేవకూడదు. ఇల్లు కాలుతున్నా సరే, హారతి కళ్ళకద్దుకునే లేవాలి.

ఆ మఠానికొచ్చే నూకాలమ్మ కూతురు పైడితల్లి జ్వరమొచ్చి చనిపోయింది. అప్పట్నుంచి నూకాలమ్మకు ముద్ద దిగడం లేదు. ఒకనాటి పొద్దున గురువుగారి కాళ్ళమీద పడింది.

"నా వల్ల కాదు గురువుగోరూ. ఈ ఏడుపు మీ సేత్తో తీసీండి. లేదంటే నన్నే తీసుకుపొమ్మని ఆ దేముడికి సెప్పీండి."

ఆయన వసారాలో కూర్చున్న తెల్లాయన వైపు తిరిగి, "ఎడ్వినూ, నీ పాట పెట్టు నాయనా," అన్నారు.

ఎడ్విన్‌ది ఇంగ్లండు. వయసులో ఉండగా తమ్ముడితో కలిసి రాక్ బ్యాండు పెట్టాడు. పాడే తమ్ముడు మత్తుమందుల పాలై చచ్చిపోయాడు. ఈయన ఆ ఒక్క రికార్డూ చంకన పెట్టుకుని, దేశాలు తిరిగి తిరిగి ఇక్కడ ఆగాడు.

ఎడ్విన్ రికార్డు ప్లేయరు మీద ప్లేటు పెట్టి ముల్లు ఆనించాడు. పాట మొదలైంది. సితారు, వెనక్కి తిప్పినట్టు మోగుతున్న గంటలు, నూతిలోంచి పిలిచినట్టు గొంతులు.

"ఇదేం పాటే, కల్లు తాగిన కోయిల కూసినట్టుంది!" అని భజనకొచ్చిన గౌరమ్మ గొణిగితే ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

చివరికొచ్చేసరికి అన్నీ అణిగిపోయి ఒక్క గొంతు మిగిలింది. ఒకే మాట. మళ్ళీ అదే మాట. మంగళం వస్తుంది కదా అని అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. గంజి చల్లారిపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి.

"ఈ దొరలకి మంగళం లేదేటే?" అంది గౌరమ్మ.

నూకాలమ్మ ఓర్చుకోలేక లేచి, ముల్లు ఎత్తబోయింది. ఎడ్విన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దమ్మా. ప్లేటు మీద చివరి గీత తన మొదటికే కలిసేలా గుండ్రంగా చేయించాం, సరదాకి. ఎవరూ ఎత్తకపోతే మా తమ్ముడు పాడుతూనే ఉంటాడు."

"ఏటంటన్నాడు?"

"ఉండు, వస్తున్నాను, అంటున్నాడు."

నూకాలమ్మ చెయ్యి వెనక్కొచ్చేసింది. అతని పక్కనే కూలబడింది. "నా పైడీ," అని ఒక్కసారి అని, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ గొంతు అదే మాట చెబుతూనే ఉంది. ఎడ్విన్ పెదవులు దానితోపాటే కదులుతున్నాయి.

ఆమె ఇక చూడలేకపోయింది. "మీరైనా ఎత్తీండి గురువుగోరూ! ఈ మడిసిని సూడలేకపోతన్నాను."

అప్పలదాసుగారు కూర్చున్నచోటినుంచి కదల్లేదు.

"నేనెత్తితే ప్లేటొక్కటే ఆగుతుందమ్మా," అన్నారు.